పునాది చుట్టూ పదును
(సంఘ సభ్యుల పాఠం)



ఈ నెల పాఠం దాణా గురించి కాదు, దూడల గురించీ కాదు. పశువు పక్కనే ఉండే మన ఇంటి గురించి. రామగుండం, గోదావరిఖని, కమాన్‌పూర్, మంథని వైపు మన సభ్యుల ఇళ్ళలో ఒకరు గనికి షిఫ్టుకు వెళ్తే ఇంకొకరు రెండు బర్రెలను చూసుకోవడం మామూలే. జీతంలో కొంత, పాల బిల్లులో కొంత కూడబెట్టి కట్టిన ఇల్లు అది. కట్టిన మూడు నాలుగేళ్ళకే కిటికీ మూల నుండి గోడ ఏటవాలుగా చీలుతుంది. మేస్త్రీని పిలిచి సిమెంటు పూయిస్తాం. మరుసటి వేసవికి అదే చోట మళ్ళీ చీలుతుంది. ఇలా మూడుసార్లు పూయించిన డబ్బు కలిపి చూస్తే ఒక పడ్డ ఖరీదులో సగం ఉంటుంది.

పూత పెట్టినా పగులు ఎందుకు ఆగడం లేదు? జబ్బు గోడలో లేదు కాబట్టి. పునాది కింది నేల కదులుతోంది. ఆ కదలికను ఎలా తగ్గించాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నేల ఎందుకు కదులుతుంది?

నల్లరేగడి గుణం రైతుకు చెప్పనక్కరలేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఎక్కువ. దాని రేణువులు అట్లు పేర్చినట్లు పలుచని రేకులుగా ఉంటాయి. నీరు ఆ రేకుల మధ్య దూరి వాటిని ఎడం చేస్తుంది. నీరు ఆరితే రేకులు మళ్ళీ దగ్గరకు చేరతాయి. ఒక్క రేణువులో ఇది కంటికి కనిపించదు. పది అడుగుల మందం నేలలో జరిగితే గోడను లేపుతుంది, దించుతుంది.

మన ప్రాంతంలో వాన దాదాపు అంతా జూన్ నుండి సెప్టెంబరు లోపే కురుస్తుంది. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఇల్లంతా ఒకేసారి పైకి లేచి ఒకేసారి దిగితే గోడకు పెద్దగా నష్టం ఉండదు. చిక్కు ఎక్కడంటే, ఇంటి నడుమ గచ్చు కింద నేల నీడలో ఉండి ఆరదు. చుట్టూ అంచుల్లో నేల ఎండకు ఆరి కుంగుతుంది. అప్పుడు మూలలు కిందికి జారతాయి, నడుమ నిలుస్తుంది. రాయి, ఇటుక వంగవు. అందుకే చీలుతాయి.

కాబట్టి పునాదికి కావలసింది ఎక్కువ నీరు కాదు. ఏడాది పొడవునా ఇంటి నాలుగు వైపులా ఒకే తీరుగా ఉండే పదును. దుక్కికి పదును చూసే కన్నే ఇక్కడా పనికి వస్తుంది.

మీ నేల ఏ రకం?

మన వైపు అంతా నల్లరేగడే కాదు. చల్క నేల ఉంది, ఇసుక కలిసిన దుబ్బ నేల ఉంది, గుట్టల దగ్గర మొరం ఉంది. ఒకే ఊళ్ళో రెండు రకాలుంటాయి. చల్క, మొరం నేలల మీద కట్టిన ఇంటికి ఈ పాఠంలోని పైపు అవసరం లేదు. ముందు పరీక్ష చేసుకోండి.

పునాది పక్కన మూడడుగుల లోతు నుండి మట్టి తీయండి. గడ్డలు నలిపి రాళ్ళు ఏరి, నీరు పోసి రొట్టెల పిండిలా కలపండి. ఒక అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు ముక్కను నిలువునా రెండుగా కోసి, ఒక సగం లోపల నూనె రాసి, మట్టిని నిండా కూరి అంచుకు సమంగా చదును చేయండి. నాలుగైదు రోజులు నీడలో, తరువాత రెండు రోజులు ఎండలో ఆరనివ్వండి. మట్టి కడ్డీ ముక్కలై, ముక్కలను ఒక పక్కకు జరిపితే వేలు పట్టేంత లేక అంతకు మించి ఖాళీ వస్తే అది ఉబ్బే నేల. ఖాళీ దాదాపు లేకుంటే మీ గోడ పగులుకు కారణం వేరే ఉంది.

ప్రయోగశాలల్లో ఇంకొక పరీక్ష చేస్తారు. పది గ్రాముల చొప్పున మట్టి పొడిని రెండు కొలజాడీల్లో, ఒకదానిలో నీటిలో, ఒకదానిలో కిరోసిన్‌లో వేసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీటిలో ఎంత ఎక్కువ ఉబ్బిందో చూసి నేల గుణం చెబుతారు. కొత్తగా ఇల్లు కట్టేవారు ఈ పరీక్ష చేయించుకుంటే మంచిది. అయితే సంఘంలోని లాక్టోమీటరు జాడీని మాత్రం ఈ పనికి ముట్టుకోకండి!

పగులు చెప్పే మాట

పైపు కొనడానికి ముందు ఒక పుస్తకం పెట్టండి. పాల పుస్తకంలో పూటపూటకూ కొలత రాసినట్లే, పదిహేను రోజులకొకసారి పగులు వెడల్పు రాయండి. పగులు రెండు చివరలా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. పగులుకు అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు పక్కలా సిమెంటుతో అతికించండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఒక ఏడాది పుస్తకం చూస్తే ఇలా తెలుస్తుంది:

1. వేసవిలో విచ్చుకుని, వానాకాలం చివరికి మూసుకుపోయే పగులు నల్లరేగడి పగులు. మూలల దగ్గర ఏటవాలుగా ఉండి పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే అంచులు ఆరి దిగుతున్నాయని గుర్తు.

2. వానాకాలంలో పెరిగి, కింద వెడల్పుగా ఉండే పగులైతే అంచుల్లో నీరు ఎక్కువై నేల ఉబ్బుతోందని అనుమానించాలి. దీనికి పైపు వద్దు, కాలువ కావాలి.

3. ఋతువుతో పని లేకుండా ఒకే దిక్కుగా పెరిగే పగులు వేరు. ఇంటితో ఆగక పెరట్లో, చేలో, బాటలో కూడా వరుసగా నేల చీలితే, బావి నీరు ఉన్నట్టుండి పోతే, నేల ఒక చోట కుంగితే, అది కింద తవ్విన గని కారణంగా కావచ్చు. అక్కడ నీళ్ళు పెట్టడం పనికిరాదు, ప్రమాదం కూడా. పశువులను, పిల్లలను అటు పోనివ్వకుండా వెంటనే గని కార్యాలయానికీ తహసీల్దారుకూ రాతపూర్వకంగా తెలపాలి.

4. ఓపెన్‌కాస్ట్ గనిలో పేలుడు జరిగినప్పుడు కిటికీ అద్దాలు గలగలమంటాయి. అందుకే ప్రతి పగులునూ పేలుడు మీద వేసేవారున్నారు, ఏ పగులునూ దాని మీద వేయకూడదనే వారూ ఉన్నారు. రెండూ తొందరపాటే. తేదీ, వేళ, పగులు వెడల్పు వరుసగా రాసి ఉంచిన పుస్తకం ఉంటే మాట్లాడడానికి ఆధారం ఉంటుంది. ఆధారం లేని మాట ఏ కార్యాలయంలోనూ నిలవదు.

ముందు కొట్టం నీళ్ళు చూడండి

పాడి ఉన్న ఇంటికి ఒక చిక్కు ప్రత్యేకంగా ఉంటుంది. కొట్టం ఇంటికి ఆనుకుని ఉంటుంది. రోజూ రెండుపూటలా బర్రెలను కడిగిన నీళ్ళు, మూత్రం, కుడితి తొట్టి పొర్లిన నీళ్ళు అన్నీ ఒకే మూలకు చేరతాయి. మండు వేసవిలో ఆ మూల నేల తడిసి ఉబ్బి ఉంటుంది, మిగిలిన మూడు మూలలు ఎండి కుంగి ఉంటాయి. నాలుగు కాళ్ళ మంచానికి ఒక కోడు కింద రాయి పెట్టినట్లవుతుంది. పగులు దూరపు గోడలో కనిపిస్తుంది కాబట్టి కొట్టం మీద అనుమానం రాదు.

అందువల్ల పైపుకన్నా ముందు ఈ పనులు చేయాలి:

1. కొట్టం గచ్చును ఇంటి నుండి దూరంగా వాలు చేసి, నీటిని సిమెంటు కాలువ ద్వారా పేడ గుంతకో పచ్చగడ్డి మడికో తీసుకుపోవాలి. పేడ గుంత గోడ పక్కన ఉండకూడదు.

2. ఇంటి చుట్టూ నాలుగైదు అడుగుల మేర నేలను అడుగుకు ఒక అంగుళం చొప్పున బయటికి వాలు చేయాలి. చూరు నీళ్ళు పునాది పక్కన గుంటలు చేయకుండా చూడాలి.

3. స్నానాల గది, కుళాయి, మరుగుదొడ్డి పైపుల అతుకులు పరీక్షించాలి. నేల కదిలితే అతుకు ఊడుతుంది. అతుకు ఊడితే నేల ఇంకా కదులుతుంది.

4. గోడ దగ్గర నీలగిరి, రావి, మర్రి వంటి చెట్లు ఉంచకూడదు. వేర్లు పునాది కింది పదును పీల్చేస్తాయి. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరంలో నాటడం మేలు.

చాలా ఇళ్ళకు ఈ నాలుగు పనులతోనే సగం జబ్బు తగ్గుతుంది. ఆ తరువాత కూడా వేసవిలో పగులు విచ్చుతుంటే పైపు సంగతి ఆలోచించాలి.

చెమర్చే పైపు

ఈ పద్ధతి బాగా వాడుకలో ఉన్న చోటు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం. అక్కడి డల్లాస్, హ్యూస్టన్ వైపు నేల మన నల్లరేగడికి చుట్టమే. శాస్త్రజ్ఞులు రెండింటినీ వెర్టిసాల్ అన్న ఒకే జాతిలో చేర్చారు. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువారు వేల సంఖ్యలో ఇళ్ళు కొనుక్కుని ఉంటున్నారు. మన సభ్యుల పిల్లలెవరైనా అక్కడ ఉంటే ఫోనులో అడిగి చూడండి, వేసవిలో పునాదికి నీళ్ళు పెట్టడం అక్కడ ఇంటి పనుల్లో ఒకటి. ఒంటి నిండా సన్నని రంధ్రాలుండి చెమట పట్టినట్లు నీరు ఊరే రబ్బరు పైపును ఇంటి చుట్టూ పరుస్తారు. దాన్నే సోకర్ హోస్ అంటారు. కరువు కాలంలో పచ్చికకు నీరు పెట్టడంపై ఆంక్షలు పెట్టినా, పునాది తడికి కొన్ని పట్టణాలు మినహాయింపు ఇస్తాయి.

అయితే అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్లు ఇక్కడికి తేకూడదు. అక్కడి ఇల్లు చాలావరకు నేల మీద పోసిన ఒకే కాంక్రీటు పలక మీద నిలుస్తుంది. మన ఇంటికి గోడ గోడకూ కింద రాతి కట్టడపు పునాది ఉంటుంది, దాన్ని కలిపి పట్టే బీము పాత ఇళ్ళకు తరచు ఉండదు. కాబట్టి మనం ఇంకా తక్కువ నీటితో, ఇంకా నిదానంగా పోవాలి.

చెమర్చే పైపు దొరకకపోతే తోటలకు వాడే 16 మిల్లీమీటర్ల డ్రిప్ లేటరల్ పైపు సరిపోతుంది. లోపలే డ్రిప్పర్లు అమర్చి వచ్చేది తీసుకోవాలి. ప్రతి బొట్టూ లెక్కలో ఉంటుంది కాబట్టి మనకు ఇదే మేలు.

పరిచే విధానం

1. గోడకు ఒకటిన్నర అడుగు దూరంలో ఇంటి చుట్టూ మూడంగుళాల లోతు చాలు తీయండి. గోడకు ఆనించి పైపు వేయకూడదు. నీరు పునాది వెంట నేరుగా కిందికి దిగిపోతుంది.

2. పైపును ఇల్లు చుట్టూ పూర్తిగా తిప్పండి. నీరు వచ్చే చోట రెండు వైపులకు చీలేలా టీ ముక్క పెడితే నాలుగు వైపులా ఒత్తిడి ఇంచుమించు సమంగా ఉంటుంది. రెండు కొసలకూ విప్పదగిన మూతలు పెట్టండి.

3. నీరు వచ్చే చోట ఒక వాల్వు, ఒక జల్లెడ ఫిల్టరు తప్పనిసరి. బోరు నీటిలోని సన్నని ఇసుక, తుప్పు డ్రిప్పర్లను పూడుస్తాయి. నెలకొకసారి కొసల మూతలు విప్పి నీరు వదిలి కడగాలి. పాల క్యాన్లు కడిగిన నీళ్ళు ఇందులో వదలకండి. పాల జిడ్డు రంధ్రాలను మూసేస్తుంది, ఈగలు చేరతాయి.

4. పైపు మీద మట్టి కప్పి, ఆ పైన ఎండుగడ్డి పరిస్తే ఆవిరి తగ్గుతుంది. ఎలుకలు, పలుగుపారలు పైపుకు శత్రువులు.

ఎంత నీరు, ఎప్పుడు?

ఒక లెక్క చూద్దాం. ఇల్లు 30 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు అనుకోండి. ఒకటిన్నర అడుగు దూరంలో చుట్టూ పైపు 120 అడుగులు పడుతుంది. 40 సెంటీమీటర్లకు ఒక డ్రిప్పరు చొప్పున సుమారు 90 డ్రిప్పర్లు. ఒక్కొక్కటి గంటకు రెండు లీటర్లు ఇస్తే మొత్తం గంటకు 180 లీటర్లు. అరగంటకు 90 లీటర్లు, అనగా పదిహేను లీటర్ల బిందెలు ఆరు.

డాబా మీది ట్యాంకు నుండి వచ్చే నీటికి ఒత్తిడి తక్కువ కాబట్టి డ్రిప్పరు చెప్పినంత ఇవ్వదు. ఒక డ్రిప్పరు కింద గిన్నె పెట్టి అరగంటలో ఎంత పడిందో కొలిచి, ఆ లెక్క ప్రకారం వేళ పెంచుకోండి.

మొదలు పెట్టవలసింది ఎండలు ముదిరాక కాదు. సంక్రాంతి దాటి పైమట్టి ఆరడం మొదలైనప్పుడే వారానికి రెండుసార్లు అరగంట చొప్పున ఇవ్వండి. ఏప్రిల్, మే నెలల్లో రోజు విడిచి రోజు ఇవ్వండి. ముదురు వేసవిలోనూ వారానికి మూడు వందల లీటర్లకు కాస్త పైన అవుతుంది. అది ఒక పాలిచ్చే బర్రె నాలుగైదు రోజులు తాగే నీరు. ఇంటికీ పశువుకూ నీరు చాలని వారాల్లో మొదటి వంతు వాటిదే, పునాదిది తరువాత.

పదును చూసే పద్ధతి మీకు తెలిసిందే. పైపుకూ గోడకూ మధ్య అరడుగు లోతు నుండి గుప్పెడు మట్టి తీసి పిసకండి. ముద్ద కట్టి, చేతికి నీరు అంటకుంటే పదును సరిగా ఉంది. పొడిగా రాలితే కొంచెం పెంచండి. చేతికి బురద అంటితే వారం రోజులు ఆపండి. నాలుగు వైపులా చూడాలి. పడమటి ఎండ గోడ త్వరగా ఆరితే ఆ వైపుకు వేరే వాల్వు పెట్టుకోవచ్చు.

మృగశిర కార్తెలో వానలు నిలకడగా పడగానే పైపు కట్టేయాలి. వానాకాలంలో మూడు వారాలు వాన మొహం చాటేస్తే పదును చూసి మళ్ళీ తెరవవచ్చు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వాల్వు మరచిపోవడం. రాత్రంతా పారితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. దీనికి తేలికైన ఉపాయం ఉంది. ఉదయం పాలు పిండడానికి కూర్చునేముందు వాల్వు తిప్పండి, పాలు తీసుకుని కేంద్రానికి బయలుదేరేముందు కట్టేయండి. రెండు బర్రెల ఇంటికి అది ఇంచుమించు అరగంట.

చేయకూడనివి

నేల ఇప్పటికే నెర్రెలు విచ్చి ఉంటే వాటిలో బిందెలతో నీరు పోయకండి. నీరు నేరుగా లోతుకు దిగి ఒక్క చోట ఉబ్బిస్తుంది. నెర్రెలను పొడిమట్టితో పూడ్చి, అరగంటకు బదులు పావుగంటతో మొదలుపెట్టి నెల రోజుల్లో నిదానంగా పెంచండి.

మట్టి గోడల ఇళ్ళకు ఈ పైపు వద్దు. అడుగు నానితే గోడే కూలుతుంది. గని మట్టితో గానీ బూడిదతో గానీ పూడ్చిన స్థలంలో కట్టిన ఇళ్ళకూ వద్దు. పూడిక నేల తడిస్తే ఇంకా దిగుతుంది. తడి ఉన్న చోటికి చెదలు వస్తాయి కాబట్టి ద్వారబంధాల అడుగు నెలకొకసారి చూసుకోండి. పగులు బొటనవేలు దూరేంత ఉన్నా, గోడ ఒరిగినా, పైకప్పు దూలం ఆనిక నుండి జారినా, ముందు ఇంజనీరును పిలవాలి, పైపు తరువాత సంగతి.

సంఘ భవనం సంగతి

మన పాల కేంద్రం భవనం కూడా ఇదే నేల మీద ఉండవచ్చు. బల్క్ కూలర్ ఉన్న చోట ఇంకా జాగ్రత్త అవసరం. కూలర్‌లో పాల కొలత చూసే పుల్ల ట్యాంకు సమంగా ఉన్నప్పుడే నిజం చెబుతుంది. గచ్చు ఒక పక్కకు దిగితే ట్యాంకు ఒరుగుతుంది, కొలత తప్పుతుంది. సభ్యులు పోసిన లీటర్లకూ కూలర్ చూపే లీటర్లకూ తేడా వచ్చి, పాపం కార్యదర్శి మీద మాట పడుతుంది. నెలకొకసారి మట్టపు పలక పెట్టి ట్యాంకు సమంగా ఉందో లేదో చూసి పుస్తకంలో రాయాలి. క్యాన్లు, ట్యాంకు కడిగిన నీళ్ళు భవనం పక్కన ఇంకకుండా దూరంగా పోవాలి.

కొత్తగా కట్టే భవనానికైతే నీళ్ళ పైపుకన్నా పునాదే మంచి మందు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ నల్లరేగడి కోసం అండర్ రీమ్డ్ పైల్ అనే పునాదిని రూపొందించింది. నేలలోకి గుండ్రని గుంత తవ్వి, అడుగున గుంతను కుండ పొట్టలా వెడల్పు చేసి, ఇనుప కడ్డీలతో కాంక్రీటు పోస్తారు. లోతైన నల్లరేగడిలో ఇది కనీసం మూడున్నర మీటర్లు దిగాలని భారతీయ ప్రమాణం చెబుతుంది, ఎందుకంటే ఋతువుల కదలిక అంత లోతు దాకా ఉంటుంది. పైన అన్నిటినీ బీముతో కలుపుతారు. కట్టేటప్పుడు ఖర్చు కొంత ఎక్కువైనా, తరువాత ఏటా పూతలు పూయించే బాధ తప్పుతుంది.

మూడున్నర మీటర్ల మాట పాత ఇళ్ళవారూ గుర్తుంచుకోవాలి. మన పైపు నీరు పైనున్న కొద్ది అడుగుల పదునునే కాపాడుతుంది. పగులు పూర్తిగా మాయమవుతుందని ఆశపడకండి. విచ్చుకోవడం తగ్గుతుంది. రెండు వేసవులు పుస్తకంలో పగులు నిలకడగా ఉందని తేలాకే పూత పూయించండి. అప్పుడు ఆ పూత నిలుస్తుంది.

సంఘ సమావేశంలో చర్చకు

1. మన ఊళ్ళో నల్లరేగడి మీద ఉన్న ఇళ్ళు ఏవి? చల్క, మొరం మీద ఉన్నవి ఏవి?
2. మీ కొట్టం నీళ్ళు చివరకు ఏ మూలకు చేరుతున్నాయి?
3. మీ గోడ పగులు వేసవిలో పెరుగుతుందా, వానాకాలంలోనా, ఏడాది పొడవునా?
4. నెర్రెలు విచ్చిన నేలలో బిందెతో నీరు పోయకూడదని ఎందుకు చెప్పాం?
5. మన కేంద్రం గచ్చు సమంగా ఉందా? చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారు?

వచ్చే సమావేశానికి ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ తమ ఇంటి మట్టి కడ్డీని ఆరబెట్టి వెంట తీసుకురావాలి. అన్నిటినీ బల్ల మీద వరుసగా పెట్టి చూస్తే, ఏ వాడలో ఎవరి ఇంటికి పదును కావాలో అందరికీ ఒక్క చూపులో తెలుస్తుంది.